సెల్లు చెల్లని గదిలో

పలాసలో మధ్యాహ్నం మూడు దాటితే మా కాలేజీ లైబ్రరీ కిటికీలు తెరిచి ఉంచడం కష్టం. గాలి ఎటు తిరిగినా జీడి పిక్కలు కాల్చిన పొగ లోపలికి వచ్చి గొంతులో గరగరలాడుతుంది. మొన్న అలాగే కిటికీ మూయడానికి లేచాను. తలుపు పడ్డాక, అంతవరకూ వీధి రొదలో కలిసిపోయిన చప్పుడొకటి విడిగా వినిపించింది. టిక్. మళ్ళీ టిక్. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె పుస్తకాన్ని మోచేత్తో అదిమిపెట్టి, ఫోన్ పైనుంచి పట్టుకుని, పేజీ తిప్పుతూ ఫొటోలు తీసుకుంటోంది. ఏ ఒక్క పేజీ మీదా ఆమె కన్ను నిలవడం లేదు. అందులో తప్పేమీ లేదు. మా దగ్గర అది నిషేధం కాదు, అసలు తీసుకోండని చెప్పేదాన్నే నేను. అయినా నా చెయ్యి కిటికీ గడియ మీదే ఉండిపోయింది. వెనక్కి తిరిగి కోప్పడాలో, పక్కన కూర్చుని వెలుతురు సరిగ్గా పడేలా పుస్తకం ఎలా పట్టుకోవాలో చూపించాలో తేలలేదు. లైబ్రేరియన్‌గా పదిహేనేళ్ళు దాటినదానికి ఆమాత్రం తెలియదా అని మీరు అడగవచ్చు. తెలియదు. ఈ తెలియకపోవడం నాకు దేవసహాయం గారి దగ్గర అంటుకుంది. ఆయన ఎలాంటి మనిషో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మొదలుపెట్టిన ప్రతిసారీ, ఆయన మంచివారని చెప్పబోతున్నానో నాకు అన్యాయం చేశారని చెప్పబోతున్నానో తెలియక ఆగిపోయాను. ఈసారి అది తేల్చుకోకుండానే చెబుతాను.

టెక్కలిలో నేను ఎం.ఏ. చరిత్ర చదివిన కాలేజీకి ఆయన లైబ్రేరియన్. నేను చేరింది రెండువేల ఐదో, ఆరో. సర్టిఫికెట్లు తీసి చూస్తే తెలుస్తుంది గానీ తియ్యబుద్ధి కావడం లేదు. సన్నగా, పొడవుగా ఉండేవారు. పేజీలు తిప్పడానికి కుడి బొటనవేలికి రబ్బరు తొడుగు వేసుకునేవారు, ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా తీయడం మరిచిపోయేవారు. బాప్టిస్టు చర్చి వెనక వీధిలో ఇల్లు. పుస్తకాలు సర్దుతున్నంత సేపూ నోట్లో ఏదో కీర్తన కూనిరాగంగా సాగుతూ ఉండేది. అది ఆగిందంటే ఆయనకు ఏదో నచ్చలేదని అర్థం. మేము పుస్తకాల అరల సందుల్లో నిలబడి ఆ రాగం వింటూ మా ధైర్యాన్ని కొలుచుకునేవాళ్ళం.

ఆయన లైబ్రరీలో పుస్తకం పేరు రాసిస్తే పుస్తకం ఇచ్చేవారు కాదు. చిన్న చీటీ మీద, మనకు ఏం తెలియాలో అది రాసివ్వాలి. మొదటి రోజు నేను 'ఉప్పు' అని రాసిచ్చాను. ఆయన చీటీ తిప్పి చూసి, వెనక ఏమీ లేదని రూఢి చేసుకుని, నాకే తిరిగి ఇచ్చారు. ఉప్పు కావాలంటే మీ నౌపడలో గుట్టలు ఉన్నాయి కదా, టెక్కలి దాకా ఎందుకు వచ్చావని అడిగారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. ఆ సంగతి ఈయనకు తెలిసే ఎగతాళి చేశారా, తెలియకనా అని ఆ రోజంతా ఆలోచించాను. మర్నాడు ఇంకో చీటీ రాశాను. సాయంత్రానికి మళ్ళీ తిరిగొచ్చింది. నాలుగో చీటీకి గానీ పుస్తకం నా చేతికి రాలేదు. అప్పటికి నాకు ఏం కావాలో నాకే కాస్త తెలిసింది. కోపం మాత్రం పోలేదు.

లైబ్రరీ గుమ్మం మీద ఒక అట్టముక్క వేలాడేది. కాలేజీలో పిల్లల చేతుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. బోర్డు పెట్టమని సారు చెబితే, అటెండరు అప్పలస్వామి నీలం రంగుతో తను పలికేది పలికినట్టు రాసేశాడు: 'ఇచ్చట సెల్లు సెల్లదు.' వారం రోజులు కాలేజీ అంతా నవ్వింది. తెలుగు లెక్చరరు ఒకాయన వచ్చి 'చెల్లదు' అని దిద్దించమంటే, సారు ఆ అట్ట వైపు చూసి, "సదివినోడికి అర్థమైందా? అయ్యింది గదా. అయితే సెల్లినట్టే" అన్నారట. అది అలాగే ఉండిపోయింది.

ఇక్కడే నా తికమక మొదలవుతుంది. ఆ బోర్డు కిందే, అప్పలస్వామి చొక్కా జేబులో, సారు చెప్పి పెట్టించిన ఒక సెల్లు ఉండేది. ఇచ్ఛాపురం నుంచి, సంతబొమ్మాళి పల్లెల నుంచి వచ్చే పిల్లలు పుస్తకం కోసం బస్సెక్కి వచ్చి, అది ఇంకా ఎవరి దగ్గరో ఉందని తెలిసి ఊరికే తిరిగిపోవడం సారు చూడలేకపోయారు. మిస్డ్ కాల్ పద్ధతి పెట్టారు. మనం అప్పలస్వామికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. మనం అడిగిన పుస్తకం వచ్చి ఉంటే అతను ఒకసారి రింగు ఇచ్చి కట్ చేస్తాడు. రాకపోతే రెండుసార్లు. ఎవరి నంబరు ఏది, ఎవరికి ఏ పుస్తకం కావాలి అన్నది బీరువా తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద ఉండేది. ఒకే నియమం: రింగు ఇవ్వడానికి అప్పలస్వామి వరండాలోకి వెళ్ళాలి. సిగ్నల్ అందక రెండో రింగు పోక, ఎవరిదో ఫోను అడిగి పుచ్చుకున్న నేను ఒక్క రింగే అనుకుని ఎండలో వచ్చి తిరిగిపోయిన రోజులు ఉన్నాయి. అయినా అప్పటికి మా చుట్టుపక్కల అలాంటి ఏర్పాటు ఇంకెక్కడా నేను వినలేదు. ఫోను మంచిదా చెడ్డదా, ఏదో ఒకటి చెప్పండి సార్ అని ఒకసారి అడిగేశాను. పుస్తకం ఉందో లేదో చెప్పడానికి ఫోను మంచిదేనని, పుస్తకంలో ఏముందో చెప్పడానికి మాత్రం పనికిరాదని అన్నారు. ఇంత స్పష్టంగా చెప్పారు కదా అని నోట్సులో రాసుకున్నాను. ఆ మాట కూడా తరవాత ఆయనే తప్పారు.

రెండో ఏడాది ఆఖర్లో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. దాంట్లో మంచి మార్కులు వస్తేనే నాకు ఫస్ట్ క్లాసు. ఫస్ట్ క్లాసు వస్తేనే యూనివర్సిటీలో రీసెర్చికి దరఖాస్తు. మా వీధిలో రీసెర్చి అన్న మాట పలికినదాన్ని నేనే. ఆ మాట పలికినప్పుడల్లా మా అమ్మ అది ఏదో పెద్ద ఉద్యోగం అనుకుని సంతోషించేది. నాకు అది కావాలి. అంతగా దేన్నీ కోరుకోలేదు అప్పటిదాకా. నౌపడ ఉప్పు మడుల మీద రాస్తానని పేరు ఇచ్చాను. దానికి ఆధారం ఒక్కటే పుస్తకం: ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఉప్పు శాఖ అచ్చువేసిన నివేదిక. మా లైబ్రరీలో ఒక్క కాపీ, తాళం వేసిన బీరువాలో. ఇంటికి ఇవ్వరు. వెడల్పుగా తెరిస్తే వెన్ను విరుగుతుందని జిరాక్సుకీ ఇవ్వరు. సారు ఎదురుగా కూర్చుని చదువుకోవాలి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని కుస్తీ పడితే రోజుకు పేజీ, మహా అయితే పేజీన్నర అయ్యేది.

అప్పుడు శ్రీను బావ ఫోను నా చేతిలో పడింది. మా మేనత్త కొడుకు, పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని. సెకండ్ హ్యాండ్‌లో కెమెరా ఉన్న ఫోను ఒకటి కొన్నాడు. పరీక్షల దాకా నా దగ్గర ఉంచుకోమని ఇచ్చాడు, ఆ ఇవ్వడంలో కాస్త గొప్ప కూడా ఉంది. సారు నన్నూ పుస్తకాన్నీ అప్పలస్వామికి అప్పగించి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళే అరగంటలో, మూడు రోజుల్లో, చున్నీ చాటున అరవై మూడు పేజీలు తీశాను. అప్పలస్వామి చూశాడు. చూసి, వరండాలో ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయి, తరవాత నా పక్కనుంచి పోతూ తనేమీ చూడలేదని చెప్పి పోయాడు. అప్పటి కెమెరాలో అక్షరాలు అలుక్కుపోయి ఉండేవి గానీ, పెద్దది చేసి చూస్తే చదవొచ్చని ధైర్యం. మూడో రోజు సాయంత్రం పుస్తకం సారు బల్ల మీద పెట్టి, నోట్సు అయిపోయిందండీ అన్నాను. రాగం ఆగింది. "అయిపోయిందా?" అన్నారు. అయిపోయిందన్నాను. ఆయన నా ముఖం వైపు చూశారు, తరవాత పుస్తకం వైపు చూశారు. అబద్ధం మొదట చెప్పినది నేనే. ఆ సంగతి ఎప్పుడూ ముందే చెప్పుకోవాలి.

శుక్రవారం సాయంత్రం టెక్కలి నుంచి వచ్చే బస్సులో ఫోను పోయింది. బ్యాగు జిప్పు తెరిచి ఉంది. జారిపడిందో, ఎవరైనా తీశారో ఇప్పటికీ తెలియదు. రిపోర్టు ఇవ్వడానికి పదకొండు రోజులు ఉన్నాయి. అరవై మూడు పేజీల్లో ఒక్కటి కూడా నేను పెద్దది చేసి చూడలేదు. ఇంట్లో చెప్పలేదు, బావకు ఎలా చెప్పాలో తెలియలేదు. రాత్రంతా దొర్లి, తెల్లవారి లైబ్రరీలో గానీ మరిచానేమో అన్న పిచ్చి ఆశతో నౌపడ స్టేషను దగ్గర రూపాయి బిళ్ళ ఫోను దగ్గరకు వెళ్ళాను. అప్పలస్వామి నంబరు పోయిన సెల్లులోనే ఉంది. లైబ్రరీ కార్డు మీద అచ్చేసిన ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం కంఠతా వచ్చు. అదృష్టం కొద్దీ అప్పలస్వామే ఎత్తాడు.

"మావా, నేను రాజేశ్వరిని. సెల్లు పోయింది మావా. నిన్న సాయంత్రం. ఎవులికీ సెప్పనేదు. నువ్వు సారుకి సెప్పకు" అన్నాను. అప్పటికే ఏడుపు వచ్చేసింది. పక్కన గూడ్సు బండి కదిలింది. అతను ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడలేదు, రూపాయి అయిపోయింది.

మా వైపు ఫోనూ సెల్లే, చెల్లెలూ సెల్లే. ఒకటి సెల్లు, ఒకటి సెల్లి. చివర ఉన్న ఆ చిన్న అచ్చు గూడ్సు బండి చక్రాల కింద పడిపోయింది. అప్పలస్వామికి వినపడింది: నా చెల్లెలు పోయింది, నిన్న సాయంత్రం, ఎవరికీ చెప్పలేదు. సారుకు చెప్పకు అని ఎందుకు అన్నానో అతనికి అంతుపట్టలేదట. అంత కష్టంలో ఉన్న మనిషి ఏదో అంటుందిలే అనుకుని, నేరుగా వెళ్ళి సారుకే చెప్పాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మా చెల్లెలు పార్వతి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఇంటరు చదువుతోంది అప్పుడు. నేను లోపల మంచం మీద పడుకుని ఉన్నాను, తలనొప్పి అని చెప్పి. బయట మాటలు వినపడ్డాయి.

"రాజేశ్వరి వోళ్ళ ఇల్లు ఇదేనామ్మా?"

"ఇదేనండి. అక్క నోపలుంది."

తరవాత ఆ గొంతు మెల్లగా, "నువ్వెవులమ్మా?" అంది.

"నేను సెల్లినండి."

నేను లేచి పరుగున వచ్చాను. దేవసహాయం గారు చర్చికి వేసుకునే తెల్లచొక్కాలో గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇంటిల్లిపాదికీ సరిపడా వాళ్ళావిడ వండి పంపింది. ఆయన వెనక అప్పలస్వామి ముఖం గోడ వైపు తిప్పుకుని నిలబడ్డాడు. సారు పార్వతిని చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు. మా అరుగు మీద కూర్చుండిపోయారు. నన్ను దగ్గరకు పిలిచి, ఇంకో చెల్లెలు ఉందా అని చాలా నెమ్మదిగా అడిగారు. లేదండీ, ఒక్కర్తే అన్నాను.

"మరి పోయినదేటమ్మా?"

చెప్పక తప్పలేదు. సెల్లు అన్నాను. ఎవరిదో, ఎందుకు తెచ్చానో, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఏం చేశానో అన్నీ చెప్పేశాను. మా అమ్మ, నాన్న తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. తిడతారనుకున్నాను. ఆయన మొదట పార్వతిని రమ్మని, ఆమె తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. కళ్ళు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలపాటు ఆయన ఆ పిల్ల చనిపోయిందనే అనుకున్నారు, తను ఎన్నడూ చూడని పిల్ల. అది నాకు ఆ క్షణంలోనే తట్టి, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తరవాత నా వైపు తిరిగారు.

"అందులో ఏటున్నాది?"

"ఉప్పు పుస్తకమండి. అరవై మూడు పేజీలు."

"సదివావా?"

"లేదండి. తీశాను."

"తీశావు" అన్నారు. ఇంకోసారి, తనలో తను అనుకుంటున్నట్టు, తీశావు అన్నారు. అంతే. అందరినీ కూర్చుని తినమన్నారు. చావు కోసం వండిన అన్నం, పప్పు, వంకాయ కూర చచ్చిపోయిందనుకున్న పార్వతే అందరికీ వడ్డించింది. మా నాన్నకు నవ్వు ఆగలేదు, తింటూ తింటూ పొలమారింది. సారు కూడా నవ్వారు. అప్పలస్వామి మాత్రం తల ఎత్తలేదు. నేను అన్నం కెలుకుతూ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. నా పదకొండు రోజుల్లో రెండు అప్పటికే పోయాయి.

వెళ్ళేముందు ఆయన చెప్పులు వేసుకుంటుంటే అడిగాను, రేపటి నుంచి ఆ పుస్తకం మళ్ళీ ఇస్తారా సార్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రాసుకుంటాను అని. ఆయన చెప్పుల వైపే చూస్తూ, "బైండింగుకి ఎల్లిపోనాదమ్మా. సీకాకుళం. నెల్లాళ్ళు పడద్ది" అన్నారు. మరి నేనేం రాయను అన్నాను. మీ నాన్ననడుగు, ఏమడగాలో ముందు చీటీ మీద రాసుకుని అడుగు అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ తొమ్మిది రోజుల గురించి ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చీటీలు పట్టుకుని మడుల గట్ల మీద తిరిగాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చోటే. ఎండకు ఉప్పు మెరిసి కళ్ళు తెరవనివ్వదు, కళ్ళు చికిలించుకుని రాసుకునేదాన్ని. ఆడవాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, కాళ్ళు పగిలితే ఏం రాసుకుంటారు, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఈ మడుల్లో చేరారు అని అడిగాను. మొదట నవ్వారు. ఆనక, మమ్మల్ని ఇంతకాలానికి అడిగావా అన్నారు. వాన పడితే ఏం చేస్తారని మా నాన్నను అడిగాను. పేరిన ఉప్పు ఒక్క వానకు కరిగిపోతుందని నాకూ తెలుసు. ఆ రోజు పని ఉండదు కదా అని తేలిగ్గా అడిగాను.

"పని నేకపోతే తొంగుంటామనుకున్నావేటి?" అన్నాడు మా నాన్న. "ఎల్లి సూత్తాం. ఏటీ సెయ్యనేం. అయినా అందరం ఎల్లి గట్టు మీద నిలబడి సూత్తాం."

ఇరవై రెండేళ్ళు ఆయన కూతురిగా బతికి, ఆ మాట అప్పుడే విన్నాను. 'వాన పడిన రోజు' అని ఒక అధ్యాయం రాశాను. రాస్తూ ఏడ్చాను. అంత బాగా ఏదీ రాయలేదు, తరవాత కూడా. చివరి రోజు మధ్యాహ్నం రిపోర్టు ఇచ్చేసి వచ్చాను.

మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు రిపోర్టు తిరగేసి, ఈ విషయం మీద ఉప్పు శాఖ నివేదిక ఉంది కదా, అది చూడకుండా చరిత్ర ఎలా రాశావని అడిగారు. బైండింగుకి వెళ్ళిందండీ అన్నాను. హోంవర్కు ఇంట్లో మరిచానని చెప్పే చిన్నపిల్లలా వినపడి ఉంటాను, బల్లకు అటువైపు అందరూ నవ్వారు. వాన అధ్యాయం చూసి, ఇది కథలా ఉంది, చరిత్రకు ఆధారాలు కావాలమ్మా అన్నారు. నాలుగు మార్కుల తేడాతో ఫస్ట్ క్లాసు పోయింది. దాంతోపాటు రీసెర్చి పోయింది. ఆ ఎండాకాలం నేను ఫోనును తిట్టుకున్నాను, బస్సును తిట్టుకున్నాను, పాపం బావనూ తిట్టుకున్నాను. దేవసహాయం గారిని తిట్టాలని తోచలేదు. ఆయనే పిలిచి లైబ్రరీ సైన్సు చదవమన్నారు. ఏడాది చదివాను. మరికొన్నాళ్ళకు పలాసలో ఈ ఉద్యోగం వచ్చింది.

చేరిన కొత్తలో స్టాకు తనిఖీ ఎలా చెయ్యాలో తెలియక నేర్చుకుందామని టెక్కలి వెళ్ళాను. సారు రిటైరవడానికి కొన్ని నెలలే ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాను. గది మధ్యలో నిలబడి, విశాఖపట్నంలో నర్సుగా చేస్తున్న కూతురు కొనిచ్చిన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని ఒక పేజీ గట్టిగా చదువుతున్నారు. కామా దగ్గర కామా అంటున్నారు, ఫుల్‌స్టాపు దగ్గర ఫుల్‌స్టాపు అంటున్నారు. అవతల ఇచ్ఛాపురంలో ఎవరో పిల్లవాడు రాసుకుంటున్నాడట. రోజూ ఇలా ఇద్దరు ముగ్గురికి చదువుతారని అప్పలస్వామి చెప్పాడు. బోర్డు అలాగే ఉంది. ఆయన ఫోను పెట్టేశాక ఆ బోర్డు వైపు చూపించాను. ఫొటో పంపితే అయిపోయేది కదా సార్, ఇప్పుడు ఫోన్లో అది కూడా ఉంది కదా అన్నాను.

"ఫొటో అయితే ఎవులూ సదవరమ్మా. ఇలగైతే నేనైనా సదివినట్టు గదా" అన్నారు.

నవ్వుకుంటూ రిజిస్టర్ల దగ్గర కూర్చున్నాను. ఆయన పుస్తకాల నంబర్లు చదువుతుంటే నేను టిక్కు పెడుతున్నాను. బైండింగుకు పంపిన పుస్తకాలకు వేరే రిజిస్టరు. అది తిరగేస్తుంటే మా ఆఖరి ఏడాది నెలలు వచ్చాయి. చెయ్యి దానంతట అదే ఆగింది. ఆ నివేదిక పేరు అక్కడ లేదు. ముందు నెలలో లేదు, తరవాత నెలలో లేదు. అది బైండింగుకు వెళ్ళింది రెండేళ్ళ తరవాత. నేను లేచి బీరువా దగ్గరకు వెళ్ళాను. కొత్త అట్టతో నివేదిక ఉంది. దాని పక్కనే, అదే రంగు అట్టతో, వెన్ను మీద తెల్లరంగు అక్షరాలతో, లైబ్రరీ నంబరుతో నా ప్రాజెక్టు రిపోర్టు ఉంది. పిల్లల రిపోర్టులు ఎవరూ లైబ్రరీలో చేర్చరు. డిపార్టుమెంటు గదిలో మూలన పడేస్తారు, చెదలు తింటాయి.

"సార్, ఆ నెల ఇది బైండింగుకి ఎల్లనేదు" అన్నాను.

రాగం ఆగింది. ఆయన బొటనవేలి తొడుగు తీసి బల్ల మీద పెట్టారు. "ఎల్లనేదు. నా సొరుగులో ఉన్నాది."

"ఎందుకండీ?"

"ఆ అరవై మూడు పేజీలూ నాకాడ ఉన్నాయి గదమ్మా. మీ నాన్న సెప్పింది నాకాడ నేదు."

నా ఫస్ట్ క్లాసు పోయింది సార్ అన్నాను. తెలుసునన్నారు. అంత దూరం పోతుందని అనుకోలేదన్నారు. తరవాత ఆయన అన్న మాట ఇదీ: "సమించమని అడగనమ్మా. అడిగితే నువ్వు పరవానేదండీ అంటావు. అది నాకొద్దు."

నేను పర్వాలేదండీ అనలేదు. మిగిలిన రిజిస్టరుకు టిక్కులు పెట్టి, సాయంత్రం బస్సుకు వచ్చేశాను. దారి పొడుగునా లెక్కలు వేసుకున్నాను. ఆయన చెప్పిందే నిజమా? లేక నా అబద్ధం పట్టుకుని, దానికి అబద్ధంతోనే బదులిచ్చారా? ఒక రోజంతా లేని చావుకు ఏడిపించానన్న కోపమా? తన బీరువాలో ఒక కొత్త పుస్తకం చేరాలన్న ఆశ, అంతేనా? ప్రార్థన చెయ్యకుండా పొద్దు మొదలుపెట్టని మనిషి, నా ముఖం చూడకుండా చెప్పుల వైపు చూస్తూ అంత మాట ఎలా ఆడగలిగారు? ఒక్కోరోజు ఒక్కో జవాబు సరైనదిగా తోస్తుంది. ఇప్పటికీ అంతే.

మరుసటి ఏడాది ఆయన పోయారు. అప్పలస్వామి ఫోను చేశాడు. ఒక్కో మాట విడదీసి, చాలా జాగ్రత్తగా చెప్పాడు. "రాజేశ్వరమ్మా, సరిగ్గా ఇను. దేవసాయం సారు. మన సారు. పోనారు. మనిషే." ఏమిటని నేను మళ్ళీ అడగలేదు. అర్థం కాకపోయే వీలు అతను ఎక్కడా ఉంచలేదు.

ఇప్పుడు మా కాలేజీ పిల్లలు వాట్సాప్‌లో అడుగుతారు. సోంపేట నుంచి, ఉద్దానం పల్లెల నుంచి, సెలవు రోజుల్లో కూడా. మేడం, ఫలానా పుస్తకంలో ఫలానా అధ్యాయం పంపండి, ఎల్లుండి ప్రాజెక్టు ఇవ్వాలి అని. నేను ఎవరికీ లేదని చెప్పను. ఉన్న పుస్తకాన్ని లేదని చెప్పడానికి నా నోరు రాదు, ఆ విషయంలో ఆయన మీద నాకు ఇంకా కోపమే. కాకపోతే పంపే ప్రతి పేజీ ముందు నేను చదువుతాను. ఆలస్యమైపోతోంది మేడం అని గొణుగుతారు, గొణగనిస్తాను. చదివి పంపడం నా వల్ల వాళ్ళకు మేలో, నా వెర్రో కూడా చెప్పలేను. ఒక్కటి మాత్రం తరచు అనుకుంటాను. సారు ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడితే, నా ఫస్ట్ క్లాసు నాకు ఇచ్చెయ్యండని నిలదీసి అడుగుతాను. అడిగే హక్కు నాకుంది. ఆయన సరే ఇస్తాను, మీ నాన్న మాటలు విన్న ఆ తొమ్మిది రోజులూ నాకు తిరిగి ఇచ్చెయ్యి అంటే ఏం చేస్తానో నాకు తెలియదు.